మీ ఆటలో నిదానయ్యకు గుడి కట్టడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి కథ నడిపే ఆట ఆడే బల్ల దగ్గర పిడుగుల దేవుడికీ యుద్ధాల దేవుడికీ భక్తుల కొరత ఉండదు. శాంతి, జ్ఞానం, మితం చూసుకునే దేవుడికి మాత్రం నియమాల పుస్తకం చివరి పట్టికలో ఒక వరుస, పక్కన ఒక గుర్తు, అంతే. ఎవరైనా ముచ్చటపడి ఆ దేవుడి పూజారిగా దిగినా, నాలుగు వారాలు తిరిగేసరికి ఆ పూజారి కూడా గద ఎత్తి గాబ్లిన్లనే చిన్న రాక్షసుల తలలు పగలగొడుతూ కనిపిస్తాడు. అందులో ఆటగాడి తప్పేమీ లేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆట బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల్లోంచి పుట్టింది. నియమాల్లో పెద్ద భాగం ఇప్పటికీ ఎవరు ఎవరిని ఎలా కొట్టాలన్నదే. అక్కడ శాంతిదేవుడికి పని లేదు. పని లేని దేవుడికి దండం పెట్టేది ఎవరు?

కాబట్టి ఆ దేవుడికి పని కల్పించాలి. ఈ వ్యాసంలో నేను కల్పించే అలాంటి దేవుడి పేరు నిదానయ్య. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి ఆట నడిపేవారికి ఇది కష్టం కాదు, ముడిసరుకంతా గుమ్మం ముందే ఉంది. అబద్ధం ఆడలేని బావి కాణిపాకంలో ఉంది. ఒంటిమీది నగలన్నీ ఒలిచి హుండీలో వేసే మొక్కు తిరుమల కొండ మీద ఉంది. వారం రోజుల పాటు మర్యాదల హద్దులు చెరిపేసి, మళ్లీ బుద్ధిగా గీసుకునే జాతర తిరుపతి తాతయ్యగుంటలో ఉంది.

ఆట కొత్తవారికి రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు, ఫలితం తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరుకుతున్నాయి. కొనాల్సింది పాచికలు మాత్రమే. ఇక్కడ నేను చెప్పే అంకెలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి.

ముందుగా ఒక హద్దు

ఏడుకొండలవాడిని, గంగమ్మను, వినాయకుడిని బల్ల మీదికి తేవద్దు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆటలో గుడి అన్నాక ఎవరో ఒకరు దాన్ని దోచుకుంటానంటారు, ఇంకొకరు విగ్రహం కంటిలోని రత్నం పెకలించడానికి పాచిక తీస్తారు. అదే సమయానికి పక్కగదిలో ఆ స్వామికే దీపం పెట్టిన అమ్మ మీ అందరికీ కాఫీ పట్టుకొస్తుంది. ఆ ఇబ్బంది ఎవరికీ వద్దు. దేవుళ్లను గుళ్లలో ఉండనిచ్చి ఆచారాలను మాత్రం అరువు తెచ్చుకోండి. ప్రమాణం, మొక్కు, జాతర, పూచీ ఏ ఒక్క దేవుడి సొత్తూ కాదు.

మొదటి పని: దేవుడు ఏ పని చేస్తాడో తేల్చండి

శాంతి, జ్ఞానం, మితం వినడానికి ఒకే కుటుంబంలా ఉన్నా ఆటలో మూడూ మూడు దారులు పడతాయి. ఉన్న దేవుళ్లలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఆట కోసం అల్లిన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే లోకంలో ఎల్డాత్ శాంతిదేవత. నిశ్చలమైన మడుగులోకి దూకే జలపాతం ఆమె గుర్తు, ఆమె భక్తులు తోపుల్లో, నీటి ఒడ్డున ఉంటారు. తలకోన జలపాతం చూసినవారికి ఆ గుడి ఎలా ఉంటుందో వర్ణించి చెప్పనక్కర్లేదు. గ్రేహాక్ అనే ఇంకో లోకంలో రావో శాంతికీ వివేచనకూ దేవుడు. అతని గుర్తు తెల్లని హృదయం, అతని మతపెద్దలు వెలూనా అనే రాజ్యాన్నే నడుపుతారు. ఎల్డాత్‌ది పక్కకు తప్పుకునే శాంతి. రావోది కొట్టుకునేవాళ్ల మధ్య కూర్చునే శాంతి.

ఆటకు రెండోదే పనికొస్తుంది. తప్పుకునే దేవత గుడిలో ఆటగాళ్లు ఒక రాత్రి పడుకుని, గాయాలు మాన్చుకుని, తెల్లారి వెళ్లిపోతారు. మధ్యవర్తి దేవుడి గుడికి మాత్రం మనుషులు తగాదాలు మోసుకొస్తారు. తగాదా వచ్చిందంటే కథ వచ్చినట్టే. అందుకే మీ దేవుడి వృత్తిని ఒక్క వాక్యంలో రాసుకోండి: ‘ఇద్దరూ సగం నిజం చెప్పే చోట ఇతను మధ్య కూర్చుంటాడు.’

ధర్మపక్షం, అంటే మంచివైపో చెడువైపో చెప్పే గడి, దగ్గర చాలామంది జారతారు. మితానికి దేవుడు కదా అని మంచికీ చెడుకీ సరిగ్గా మధ్య గడిలో, తటస్థుడిగా పెట్టేస్తారు. అలా చేయకండి. ఊరు తగలబెట్టేవాడికీ ఆర్పేవాడికీ నడుమ కూర్చోవడం మితం అనిపించుకోదు, చేతకానితనం అనిపించుకుంటుంది. రావోను కూడా నియమబద్ధమైన మంచి గడిలోనే పెట్టారు. మీ దేవుడూ మంచివైపే ఉండాలి. కాకపోతే మంచి చేసే తొందరలో జరిగే అతిని కూడా అతిగానే చూసేవాడై ఉండాలి.

రెండో పని: పేరు, కథ, ఒక మచ్చ

రావో పేరునే ఉంచుకోవచ్చు కానీ, తెలుగు బల్ల దగ్గర ఆయన మొదటి రోజే రావుగారైపోతాడు. రిటైరైన తహసీల్దారు కళ్లజోడు సవరించుకుంటూ వచ్చినట్టు అందరూ ఊహించుకుంటారు. నవ్వుకోవడానికి బాగుంటుంది, గుడి మాత్రం నిలవదు. మన వైపు ఊరి దేవుళ్ల పేర్లకు చివర అయ్య, అప్ప, అమ్మల్లో ఒకటి ఉంటుంది. ఆ బాణీలో పెట్టుకోండి. అందుకే మన దేవుడు నిదానయ్య.

ఇప్పుడు కథ. మచ్చలేని దేవుడి గురించి ఎవరూ రెండోసారి అడగరు. వడ్డికాసులవాడికి కుబేరుడి దగ్గర అప్పుందని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఆ అప్పు వల్లే ఆయన మనవాడైపోయాడు. నిదానయ్యకూ ఒక బాకీ పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను:

కొండకూ ఏటికీ ఒకనాడు హద్దు తగాదా వచ్చింది. ఇద్దరూ నిదానయ్యను తీర్పు అడిగారు. ఆయన ఇటు విన్నాడు, అటు విన్నాడు, ఆలోచించాడు, మళ్లీ విన్నాడు. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా ఓపిక నశించిన ఏరు పొంగి నడుమ ఉన్న ఊరిని తుడిచిపెట్టేసింది. తీర్పు సరైనదే వచ్చింది, వినడానికి ఊరు లేదు. ఆ రోజునుంచి ఆయన గుళ్లన్నిటిలో ఒక దీపం వెలిగిస్తారు. ఏ తగాదా అయినా ఆ దీపం కొండెక్కేలోగా తేలాలి.

ఈ చిన్న కథలో మీకు మూడు పనిముట్లు దొరికాయి. ఒకటి దేవుడి బలహీనత: ఆయన నెమ్మది మనుషుల ప్రాణాలు తీసింది. రెండు, న్యాయమైన శత్రువులు: మునిగిపోయిన ఊరివారి వారసులు నిదానయ్య గుడి మెట్లు తొక్కరు, వారిది తప్పనే ధైర్యం పూజారులకు లేదు. మూడు, దీపం. ఈ దీపం గురించి కింద మళ్లీ చెబుతాను, ఆటంతా దాని మీదే నడుస్తుంది.

మూడో పని: గుడిలో ఏముండాలి

బంగారు గోపురాలు వద్దు. గుడి పక్కన ఒక బావి, ఒక పొయ్యి, ఒక త్రాసు చాలు.

పొయ్యి మీద రాగి సంగటి. తగాదాకు వచ్చిన రెండు పక్షాలూ ముందు ఒకే పంక్తిలో తినాలి, తిన్నాకే నోరు విప్పాలి. పూజారిగా గడ్డం మునీశ్వరుడిని పెట్టకండి, అలాంటివాడు ప్రతి ఆటలోనూ ఉన్నాడు. సంగటి కెలుకుతూ, ముద్ద ఎవరి ఆకులో ఎంత పడాలో కంటితోనే కొలిచే ఒక అవ్వను పెట్టండి. కత్తి దూసిన వీరుడు గుమ్మంలో నిలబడి గర్జిస్తే ఆమె తలెత్తకుండానే, “కూర్చో నాయనా, సంగటి చల్లారిపోతుంది,” అంటుంది. నిదానయ్య మతసిద్ధాంతం మొత్తం ఆ ఒక్క మాటతో ఆటగాళ్లకు అర్థమవుతుంది.

బావి కాణిపాకం నుంచి తెచ్చుకున్న ఆలోచన. బాహుదా నది ఒడ్డున, బావిలో వెలసిన వినాయకుడి ముందు స్నానం చేసి ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని చిత్తూరు జిల్లాలో గట్టి నమ్మకం. ఊళ్లలో డబ్బు తగాదాలు, దొంగతనం నిందలు ఆ ప్రమాణంతో తేలిపోయేవి. నియమాల్లో దీనికి సరితూగేది రెండో స్థాయి మంత్రం జోన్ ఆఫ్ ట్రూత్ (స్థాయి పెరిగేకొద్దీ మంత్రం బలం పెరుగుతుంది). 15 అడుగుల వ్యాసార్ధమున్న వలయం, 10 నిమిషాలు. లోపలికి అడుగుపెట్టినవారు సేవింగ్ త్రో, అంటే మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక, తప్పితే తెలిసి అబద్ధం చెప్పలేరు. ఈ మంత్రంలో అసలు రుచి వేరే చోట ఉంది: మంత్రం కింద ఉన్నట్టు వారికీ తెలుస్తుంది, కాబట్టి నిజం దాటకుండానే మాట తప్పించవచ్చు. బావిగట్టు చుట్టూ ఈ వలయం ఎప్పుడూ ఉంటుందని నిర్ణయించుకోండి. ఆటగాళ్లు మొదట దీన్ని అబద్ధాలు పట్టే యంత్రం అనుకుంటారు. తర్వాత, సరైన ప్రశ్న అడగడం చేతకాకపోతే నిజం కూడా దారి తప్పిస్తుందని వాళ్లకే తెలుస్తుంది. జ్ఞానానికి దేవుడనే మాటకు ఇంతకంటే బలమైన సాక్ష్యం మీరు ఇవ్వలేరు.

త్రాసు మొక్కుల కోసం. తిరుమలలో తులాభారం, నిలువుదోపిడి రెండూ అందరికీ తెలిసినవే. నిలువుదోపిడిని ఆటలోకి ఇలా తెచ్చుకోండి: పాత్ర ఒంటి మీద ఆ క్షణాన ఉన్న విలువైన వస్తువులన్నీ, మంత్రపు ఉంగరాలతో సహా, త్రాసులో వేస్తే నిదానయ్య మూడు ప్రశ్నలకు అవునో కాదో చెబుతాడు. ఐదో స్థాయి మంత్రం కమ్యూన్ ఇచ్చేది సరిగ్గా అదే. అంటే చిన్న స్థాయి పాత్రకు కూడా పెద్ద మంత్రం అందుతుంది, ధర మాత్రం వీపు విరిగేంత ఉంటుంది. ఎవరో ఒకరు బూటులో ఒక ఉంగరం దాచుకునే వెళతారు. పిడుగులు కురిపించకండి. మూడో ప్రశ్నకు జవాబు రాదు, అంతే. అవ్వ కారణం చెప్పదు. ఆ ఆటగాడు ఇంటికి వెళ్లేదాకా దాని గురించే ఆలోచిస్తాడు.

నాలుగో పని: భక్తులకు నియమాలు

నియమాలు పది రాస్తే ఎవరికీ గుర్తుండవు. రెండు చాలు.

మొదటిది, కత్తికి ముందు ఒక మాట. పోరు మొదలయ్యే ముందు నిదానయ్య భక్తుడు ఎదుటివాడికి ఒక ప్రతిపాదన చేసి తీరాలి. ‘లొంగిపో’ అనడం ప్రతిపాదన కిందికి రాదు. ఎదుటివాడికి ఏదో ఒకటి దక్కేలా ఉండాలి. దీనికి సాయంగా మొదటి స్థాయి మంత్రం శాంక్చువరీ ఉంది. అది కప్పిన మనిషి మీద దెబ్బ వేయబోయేవాడు ముందు విజ్డమ్ (వివేకం) సేవింగ్ త్రో గెలవాలి, కప్పుకున్నవాడే చేయి చేసుకుంటే మంత్రం పోతుంది. రెండు సేనల నడుమకు ఉత్త చేతులతో నడిచి వెళ్లే పూజారి దృశ్యం మొదటి స్థాయిలోనే సాధ్యమవుతుందన్నమాట. ఆవేశాలు చల్లార్చే కామ్ ఎమోషన్స్ మంత్రం కూడా పనికొస్తుంది, కానీ అది ఒక్క నిమిషమే. నిమిషం దాటగానే పాత కోపం తిరిగొస్తుంది. ఆ నిమిషంలో ఏం మాట్లాడారన్నదే లెక్క.

రెండోది, పడిపోయినవాడిని చంపకూడదు. చేతి ఆయుధంతో కొట్టి ఎదుటివాడి ప్రాణబిందువులు (ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే అంకె) సున్నాకు దించినప్పుడు, చంపకుండా స్పృహ తప్పించే వీలు నియమాల్లోనే ఉంది. చాలామంది ఆటగాళ్లు దీన్ని మర్చిపోతారు, మర్చిపోవడం సులువు కూడా. ఎందుకంటే చంపితే ఖర్చు లేదు, బతికిస్తేనే ఉంది. నలుగురు వీరులు, తలా పది రోజుల తిండి. దారిలో ముగ్గురు దొంగలను పట్టి తాడుతో కట్టారనుకోండి. ఒక మనిషికి నలభై రోజులు వచ్చే మూట ఇప్పుడు ఏడు నోళ్లకు, ఆరో రోజు గడవదు. రాత్రి కాపలా ఎవరు? ఉన్న తాడు 50 అడుగులు, అదంతా వీళ్ల చేతులకే చుట్టేస్తే లోయ దిగేది దేనితో? ఆ ముగ్గురిలో ఒకడికి జ్వరం వస్తే? ఈ లెక్కలు దాటవేయకండి, నెమ్మదిగా ఆడించండి. వీరగాథ మధ్యలో ఒక సత్రం అరుగు మీద కూర్చుని, కట్టేసిన దొంగకు ముద్ద నోటికి అందిస్తూ ‘నువ్వు ఈ పనిలోకి ఎలా వచ్చావురా’ అని అడిగే సన్నివేశం మీ ఆటలో పుడితే, నిదానయ్య వచ్చి కూర్చున్నట్టే.

పూజారి శాఖ (డొమైన్), అంటే పూజారికి ఏ శక్తులు రావాలో తేల్చే ఎంపిక, దగ్గర నాకొక పేచీ ఉంది. 2020లో పీస్ డొమైన్ అని శాంతి పేరుతోనే ఒకటి వచ్చింది. పేరు చూసి మోసపోవద్దు. తన జట్టువారిని ఒక బంధంతో కలిపి, వాళ్లు దాడికీ, నైపుణ్యానికీ, సేవింగ్ త్రోకీ వేసే పాచికలకు నాలుగు ముఖాల పాచిక అదనంగా చేర్చడం అందులోని ముఖ్య శక్తి. మన జట్టు ఐకమత్యంగా, మరింత బాగా కొట్టడానికి ఉపయోగపడేదాన్ని శాంతి అనడం నాకు మింగుడుపడదు. నిదానయ్య పూజారికి నాలెడ్జ్ (జ్ఞానం) డొమైన్ నప్పుతుంది. రావోకు ఇచ్చిందీ అదే. మూల నియమాలే వాడేవారు లైఫ్ డొమైన్‌తో సరిపెట్టుకోండి.

మితానికి కొత్త లెక్కలేమీ కనిపెట్టనక్కర్లేదు, పాచికను రెండుసార్లు వేసి పెద్దది తీసుకునే వీలు బహుమతిగా ఇచ్చే ఇన్‌స్పిరేషన్ అనే నియమం ఉంది. ఉంటే ఒకటి ఉంటుంది, లేకపోతే లేదు, పోగేసుకోవడం కుదరదు, కావాలంటే పక్కవాడికి ఇచ్చేయవచ్చు. నిదానయ్య భక్తుడు మాత్రం తనకు వచ్చినదాన్ని సొంతానికి వాడుకోకూడదని ఒక్క మాట చేర్చండి.

జాతర కూడా ఉండాలి

మితానికి దేవుడికి జాతర ఏమిటని మీకు అనిపించవచ్చు. తిరుపతివారికి అనిపించకూడదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఏటా వేసవిలో ఊరు ఊరంతా వేషాలు కడుతుంది. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మగవాళ్లు చీరలు కట్టి నగలు పెట్టుకుంటారు, బూతులు తిడుతూ వీధుల్లో తిరుగుతారు. ఆడవాళ్లను చెరిచే పాళెగాడు దాక్కుంటే, వాడిని బయటికి రప్పించడానికి గంగమ్మ రోజుకొక వేషం వేసిందని కథ. దొర వేషంలో ఉండగా వాడు చిక్కాడు, తల తెగింది. చివర మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపాన్ని చెరిపి ఆ మట్టిని ప్రసాదంగా ఇస్తారు. మర్నాటి నుంచి అందరూ మళ్లీ అదే బ్యాంకు గుమాస్తాలు, అదే కాలేజీ పంతుళ్లు.

ఏడాదిలో కొన్ని రోజులను అతికి కేటాయించి, మిగతా రోజులను దానినుంచి కాపాడుకునే ఏర్పాటుగా నేను దాన్ని చూస్తాను. మీ లోకంలోనూ అలాంటిది పెట్టండి. నిదానయ్య జాతర మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో గుడి ముందు ఎవరు ఎవరిని ఏమైనా అనవచ్చు, రాజును కూడా. నాలుగో రోజు తెల్లవారాక ఆ మాటలను ఎవరూ ఎత్తకూడదు. ఆటగాళ్లకు ఇది నిధి. మామూలు రోజుల్లో నోరు విప్పని సాక్షి ఈ మూడు రోజుల్లో తిట్ల రూపంలో నిజం కక్కేస్తాడు, నాలుగో రోజు దాన్ని సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు. ఇప్పుడేం చేస్తారో చూడండి.

మొదటి ఆట: తూము తగాదా

ఇక ఆడించండి. ఒక పూటలో అయిపోయే కథ ఇది, మొదటి స్థాయి, అంటే అప్పుడే ఆట మొదలుపెట్టిన పాత్రలకు సరిపోతుంది.

ఒక చెరువు. ఎగువన హాబ్‌గాబ్లిన్ల (గాబ్లిన్ల జాతి యోధుల) ఊరు, ఒకప్పటి సైనికులు, ఇప్పుడు వరి పండిస్తున్నారు. దిగువన మనుషుల ఊరు, మామిడి తోటలు. రెండింటికీ ఒకటే తూము, దాన్ని తీసి మూసే నీరుగంటి ఒకడు. ఎండలకు చెరువు సగానికి దిగింది. దిగువ ఊరి కుర్రాడొకడు రాత్రిపూట తూము పలక విరగ్గొట్టి దొరికిపోయాడు. తమ పాత సైనిక చట్టం ప్రకారం చేయి నరుకుతామని హాబ్‌గాబ్లిన్ పెద్ద అంటున్నాడు. పాత్రలు వచ్చేసరికి కట్ట మీద రెండు ఊళ్లూ ఆయుధాలతో నిలబడి ఉన్నాయి.

చేయి నరికే సంగతి నేను ఊరికే పెట్టలేదు. బాహుదా నదికి ఆ పేరు రావడానికి మన వైపు చెప్పే కథలో, లిఖితుడు ఆకలికి ఆగలేక తోటలో ఒక మామిడిపండు కోసుకుంటాడు. అన్న శంఖుడు అతన్ని రాజు దగ్గరికి పంపితే రాజు రెండు చేతులూ నరికిస్తాడు. నదిలో మునిగితే చేతులు తిరిగొస్తాయి. నేరం నిజమే, శిక్షా చట్టప్రకారమే, అయినా పండుకూ చేతులకూ తూకం కుదరలేదు. నిదానయ్య గుడికి రావలసిన తగాదా ఇలాంటిదే.

అవ్వ వచ్చి కట్ట మీద దీపం పెడుతుంది. మీరు కూడా నిజంగానే బల్ల మీద ప్రమిద వెలిగించండి. ముప్పావు గంటలో కొండెక్కేలా నూనె ఎంత పోయాలో ముందురోజే చూసుకోండి, ఫ్యాను ఆపేయండి, కాగితాలు దూరంగా జరపండి. దీపం ఉన్నంతసేపే ఎవరూ కత్తి దూయరు. ‘ఇంకా ఎంత సమయం ఉంది’ అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా దీపం వైపు చూపించండి.

ఒక్క పర్సుయేషన్ (ఒప్పించే) రోల్‌తో తగాదా తెగిపోనివ్వకండి. శాంతిదేవుళ్ల కథలు చప్పబడిపోయేది అక్కడే. ఇరవై పడింది, అందరూ కౌగిలించుకున్నారు, అయిపోయింది. అలా కాకుండా మూడు ఒప్పందాలు విడివిడిగా కుదరాలని పెట్టండి: నీళ్లు, పరువు, పూచీ.

నీళ్లు సులువు. తూము పక్కన పాచిపట్టిన రాతి మీద పాత వంతుల శాసనం ఉంది. వెతికినవారికి ఇన్వెస్టిగేషన్ (వెతుకులాట) పాచిక లెక్క 12 దాటితే దొరుకుతుంది. ఎవరికి ఎన్ని రాత్రులో అందులో ఉంది, రెండు ఊళ్లూ కొంచెం గొణిగి ఒప్పుకుంటాయి.

పరువు కష్టం. పెద్దకు కుర్రాడి చేయి అక్కర్లేదు. తన వాళ్లందరి ముందు ఊరికే వదిలేయలేడు, అంతే. చేయికంటే తక్కువ, ఏమీ లేకపోవడం కంటే ఎక్కువ అయిన శిక్ష ఒకటి ఆటగాళ్లే కనిపెట్టాలి. కుర్రాడే కొత్త పలక చెక్కి బిగించాలనో, పంటకాలమంతా రెండు ఊళ్ల తరఫున తూము కాపలా కాయాలనో. ఊరికే అడిగితే పర్సుయేషన్ 18 దాటాలి. ముందుగా పెద్ద పక్కన కూర్చుని నిరుటి కరువులో వాళ్లు ఎవరిని పోగొట్టుకున్నారో అడిగి విన్నవారికి 13 చాలు. ఈ తేడాను పైకి చెప్పకండి.

నడుమ నీరుగంటి వ్యవహారం ఒకటి ఉంది. వాడు రాత్రిళ్లు నీళ్లు కొండ అవతలి మాంత్రికుడికి అమ్ముకుంటున్నాడు. అనుమానం వచ్చి నిదానయ్య గుడి బావి దగ్గరికి తీసుకెళితే ఇలా నడవవచ్చు:

“తూము తాళం ఎవరికైనా ఇచ్చావా?”

“ఎవరికీ ఇవ్వలేదు స్వామీ. నా మొలతాడుకే ఉంది, చూడండి.”

నిజమే. తాళం ఇవ్వలేదు, తనే వెళ్లి తీశాడు. ‘రాత్రి తూము ఎవరు తీశారు’ అని అడిగేదాకా వాడు చెమటలు కక్కుతూ నిజాలే చెబుతాడు.

మూడోది పూచీ. నీళ్లు తేలాయి, శిక్ష తేలింది, ఇద్దరూ సరేనన్నారు. అప్పుడు అవ్వ పాత్రల వైపు తిరిగి, “మాట తప్పితే జవాబుదారీ ఎవరు నాయనా?” అంటుంది. ఊరివాళ్లెవరూ ముందుకు రారు, ఒకరినొకరు నమ్మరు కాబట్టి. పాత్రల్లో ఒకరు తమకు ప్రియమైనది గుడిలో పెట్టాలి. తాత ఇచ్చిన కత్తో, మంత్రాల పుస్తకమో, ఒక పంటకాలం పాటు. ఇక్కడ పాచిక వేయనివ్వకండి. ఇవ్వాలా వద్దా అన్నది ఆటగాడు నోటితో చెప్పాలి. దీపం వణుకుతుండగా నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ ‘నీ దగ్గర రెండు కత్తులున్నాయి కదా’ అని బేరాలు మొదలుపెడతారు. ఆ బేరాలు సాగనివ్వండి.

దీపం ముందే కొండెక్కితే పోరు తప్పదు. హాబ్‌గాబ్లిన్ ఒక్కొక్కరికి 11 ప్రాణబిందువులు, 18 కవచం (దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె), 100 అనుభవ పాయింట్లు. మొదటి స్థాయి జట్టు మీదికి ఎనిమిది మందిని ఒకేసారి వదిలితే జట్టు మిగలదు, ఇద్దరు ముగ్గురిని పంపి మిగతావాళ్లను ఊరివాళ్లతో తలపడనివ్వండి. తగాదా తీర్చినవారికి మాత్రం కట్ట మీద నిలబడిన ఎనిమిది మందికీ లెక్కకట్టి 800 పాయింట్లు పూర్తిగా ఇచ్చేయండి. మాటతో గెలిచినవారికి తక్కువ వస్తుందని తెలిసిన రోజున మీ బల్ల దగ్గర నిదానయ్య పేరు తలిచేవాళ్లుండరు.

మీరు గమనించుకోవలసింది ఇంకొకటి ఉంది. నిదానయ్య తన నోటితో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. కలలో కనిపించకూడదు, ఆకాశవాణి వినిపించకూడదు. మాట్లాడాడంటే అది మీ ఉపన్యాసమే అవుతుంది, ఆటగాళ్లు ఫోన్లు తీస్తారు. అవ్వ ఉంది, ఆమె ప్రశ్నలు అడుగుతుంది, సంగటి పెడుతుంది, అది చాలు.

తీర్పు కుదిరాక దాన్ని కాగితం మీద రాయించి, ఆటగాళ్ల చేత వాళ్ల పాత్రల పేర్లతో సంతకాలు పెట్టించి, ఆ కాగితం మీ దగ్గర దాచండి. తర్వాతి రెండు వారాలు వేరే కథలు నడపండి. మూడో వారం ఎగువ ఊరినుంచి ఒక మనిషి వచ్చి, కుర్రాడు కాపలా మాని రెండు రోజులుగా కనిపించడం లేదని, పెద్ద తన మనుషులతో గుడికి బయల్దేరాడని, పూచీ పెట్టిన కత్తి తనకు అప్పగించమంటున్నాడని చెబుతాడు.